గట్ల టాకీసు పెద్దాయన ఇక లేరు

డిండి వాగు (ఆదివారం, ఉదయం 6:50)

మిత్రులారా, రాయడానికి చేతులు రావడం లేదు. పొలం గట్ల మీద బళ్లు నిలిపి ఆరుబయట సినిమా చూసే మన గట్ల టాకీసును నడిపిన పెద్దాయన నిన్న సాయంత్రం పోయారు. డెబ్బై నాలుగేళ్లు. గుండెపోటు అన్నారు.

శనివారం కదా, ఆట ఉంది. దుమ్ము లేవకుండా ఎప్పటిలాగే ఆయనే పైపు పట్టుకొని పొలమంతా నీళ్లు చల్లారు. ఆ తరువాత తెరకు ఎదురుగా మూడో గట్టు మీద కూర్చున్నారు. ఎప్పుడూ కూర్చునే చోటే అది. బొమ్మ అంచులు కుదిరాయా, మసకగా ఉందా, అన్నీ అక్కడి నుంచే చూసి చెప్పేవారు. ఆపరేటరన్న తెర మీద వెలుగు వేసి "సరిపోయిందా?" అని కేక వేశాడు. జవాబు రాలేదు. రెండోసారి కేక వేసి, పరుగెత్తుకొచ్చాడు. 108 వచ్చేసరికే అంతా అయిపోయింది.

ఉదయం పదింటికి నాతో మాట్లాడిన మనిషి ఆయన. మా అమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడిగి, ఈ వారం ఆటకు తీసుకురమ్మని చెప్పారు.

అప్పటికే ట్రాక్టర్లు, ఆటోలు, బళ్లు వచ్చి గట్ల మీద నిలబడి ఉన్నాయి. ఒక్కరూ తిరిగి వెళ్లలేదు. ఇంజన్లు ఆపి, దీపాలు ఆర్పి, అర్ధరాత్రి దాకా ఖాళీ తెర ముందు కూర్చున్నారు.

ఆయన గురించి మీకు తెలిసినవి రాయండి. వాళ్ల ఇంట్లో చదివి వినిపిస్తాను.

కల్వకుర్తి బస్సు (ఆదివారం, ఉదయం 7:15)

అయ్యో. పోయిన నెలే మా పిల్లలతో వచ్చాను. టికెట్టు డబ్బులు ఇవ్వబోతే, చిన్నవాడికి జ్వరం తగిలిన ముఖంలా ఉంది, సగంలో లేచిపోతారేమో, ముందు చూడండి అన్నారు. ఆట పూర్తయ్యాకే తీసుకున్నారు. ఆయన ఆత్మకు శాంతి కలగాలి.

రీలు డబ్బా (ఆదివారం, ఉదయం 11:30)

నేనే ఆ ఆపరేటర్ని. రాత్రంతా నిద్ర లేదు. ఇక్కడ రాస్తే కొంచెం ఊపిరి ఆడుతుందేమోనని కూర్చున్నాను.

1984లో చేరాను. నాకు పదిహేడేళ్లు. అప్పటికి ఆయనది డేరా. టూరింగ్ టాకీసుకు లైసెన్సు ఒకే చోట శాశ్వతంగా ఉండదు. గడువు తీరగానే గుడారం విప్పి, ఎడ్లబండ్ల మీద వేసుకొని మరో ఊరికి పోవాలి. అచ్చంపేట వైపు కొన్నాళ్లు, దేవరకొండ వైపు కొన్నాళ్లు. కార్తీకంలో కురుమూర్తి జాతరకు తప్పకుండా వెళ్లేవాళ్లం. ఉద్దాల ఉత్సవం నాడు రాత్రి ఎన్ని ఆటలు వేసినా జనం తరిగేవారు కాదు.

మాకు ఉన్నది ఒక్కటే ప్రొజెక్టరు. పట్నం హాళ్లలో రెండు ఉండేవి, ఒకటి ముగుస్తుండగా రెండోది అందుకునేది. మాకు రీలు అయిపోగానే దీపం వేసి, కొత్త రీలు ఎక్కించి, మళ్లీ మొదలుపెట్టాలి. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు నడుస్తుంది. రెండేసి కలిపి చుట్టినా, పదహారు వేల అడుగుల సినిమాకు ఏడుసార్లు ఆగవలసిందే. ఆ ఆగడం ఆయనకు ముల్లులా గుచ్చుకునేది. గడియారం పట్టుకొని నా పక్కన నిలబడేవారు. మొదట్లో నాకు మూడు నిమిషాలు పట్టేది. ఏడాది తిరిగేసరికి నలభై సెకన్లకు తెచ్చారు. ఒక్కసారి కూడా తిట్టలేదు. "అక్కడ కూర్చున్నవాళ్లు ఏడుస్తున్నారు, వాళ్ల ఏడుపు మధ్యలో ఆపకూడదు" అనేవారు.

కార్బన్ దీపం పని తెలియనివాళ్లకు చెప్పాలి. రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా పెట్టి, కరెంటుతో వాటి కొసల మధ్య మంట పుట్టిస్తాం. కడ్డీలు కాలుతూ తరిగిపోతుంటాయి, అందుకని మధ్య సందు పెరగకుండా మర తిప్పుతూ ఉండాలి. పాజిటివ్ కడ్డీ తొందరగా తరుగుతుంది. ఒక్క క్షణం పరధ్యానంగా ఉంటే తెర మీద హీరో ముఖం పచ్చబడుతుంది. ఆయన డేరాకు అవతలి చివర ఉన్నా ఆ రంగు మార్పు పట్టేసేవారు. మిగిలిన ముక్కలు మాత్రం పారేయనిచ్చేవారు కాదు. పిల్లలకు పంచేవారు.

ఒక సంగతి రాయకపోతే నాకు మనసొప్పదు. 1980ల చివర్లో ఒక శివరాత్రి నాడు హైదరాబాదు నుంచి బస్సు మీద డబ్బాలు వచ్చాయి. విప్పి చూస్తే పద్నాలుగో రీలు లేదు. దేవరకొండలో ముందు ఆడించిన హాల్లోనే ఉండిపోయింది. జాగారం జనం, డేరా కిక్కిరిసి ఉంది. ఆ రీల్లో ఒక పాట, కొంచెం కొట్లాట తప్ప ఏమీ లేదని, దాటించేస్తే ఎవరికీ తెలియదని నేనే అన్నాను. ఆయన నన్ను ఒక చూపు చూసి, నేరుగా మైకు అందుకున్నారు. ఒక రీలు రాలేదు, తెస్తాను, ఉండేవాళ్లు ఉండండి, వెళ్లేవాళ్లు డబ్బులు తీసుకోండి అని చెప్పి రాజ్‌దూత్ ఎక్కారు. పదమూడో రీలు దాకా వేసి నేను దీపం పెట్టాను. రాత్రి ఒంటిగంట దాటాక వచ్చారు, డబ్బాను తువ్వాలుతో వీపుకు కట్టుకొని. జనంలో సగం మంది నేల మీదే నిద్రపోయారు. రీలు వెంటనే వేయనివ్వలేదు. వరస వెంట నడిచి, ఒక్కొక్కరినీ భుజం తట్టి లేపి, అందరూ లేచి కూర్చున్నాకనే "వెయ్యి" అన్నారు.

నిన్న నేను కేక వేసినప్పుడు కూడా ఆ "వెయ్యి" అనే మాట కోసమే ఎదురుచూశాను.

పాత పోస్టరు (ఆదివారం, మధ్యాహ్నం 1:05)

అన్నా, మీరు రాసింది చదివి ఇంట్లో అందరికీ వినిపించాను.

మీరిచ్చే ఫిల్ము ముక్కల కోసం మేము ఎంత కొట్టుకునేవాళ్లమో. పాడైన బల్బు లోపలి తీగ తీసేసి, నీళ్లు నింపి, దాని ముందు ఫిల్ము ముక్క పట్టుకొని, అద్దంతో ఎండను దాని మీదికి మళ్లిస్తే చీకటి గదిలో గోడ మీద బొమ్మ తలకిందులుగా పడేది. ఒకరోజు మా ఇంటి వెనక ఈ తతంగం నడుస్తుండగా పెద్దాయన అటుగా వెళ్తూ ఆగారు. ముక్కను తలకిందులుగా పెట్టండిరా అని చెప్పారు. పెట్టగానే మనిషి నిటారుగా నిలబడ్డాడు. మేము కేకలు. ప్రొజెక్టరులో కూడా ఫిల్మును తలకిందులుగానే ఎక్కిస్తారని చెప్పి, మరునాడు మా ఐదుగురినీ ఆపరేటరు గదిలోకి తీసుకెళ్లి చూపించారు. ఫిల్ము జారుతూ పోదనీ, సెకనుకు 24 సార్లు ఆగి ఆగి నడుస్తుందనీ, ఆగిన క్షణంలోనే వెలుగు దాని గుండా పోతుందనీ ఆ రోజు తెలిసింది. నేను ఈరోజు భౌతికశాస్త్రం చెబుతున్నాను. ప్రతి ఏడూ తొమ్మిదో తరగతి పిల్లలతో ఆ బల్బు ప్రయోగం చేయిస్తాను.

నేల టికెట్టు (ఆదివారం, సాయంత్రం 4:40)

మా అమ్మానాన్నలు పాలమూరు లేబరు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని, కాలువలు తవ్వడానికి, ఆనకట్టలు కట్టడానికి ఏ రాష్ట్రం పొమ్మంటే ఆ రాష్ట్రం పోయేవారు. ఏడాదిలో ఊళ్లో ఉండేది రెండు నెలలు. ఆ రెండు నెలల్లో మా అమ్మ తనకోసం ఖర్చు పెట్టుకునేది ఒక్క సినిమాకే. నేల టికెట్టు.

ఆడవాళ్ల వైపు గేటు దగ్గర ఆయనే నిలబడేవారు, మరొకరిని నిలబెట్టేవారు కాదు. ఎవరైనా మగవాడు అటు తొంగిచూస్తే డబ్బులు చేతిలో పెట్టి బయటికి పంపేవారు. అందుకే మా వాడకట్టు ఆడవాళ్లు రెండో ఆటకు కూడా భయం లేకుండా వెళ్లేవారు. నాకు అన్నిటికన్నా గుర్తున్నవి ఊయలలు. డేరా వెనక భాగంలో వరసగా గుంజలు పాతించి, చంటిపిల్లలకు చీరలతో ఊయల కట్టుకోనిచ్చేవారు. తల్లులు అక్కడే నేల మీద కూర్చొని, ఒక చేత్తో తాడు లాగుతూ సినిమా చూసేవారు. నేనూ ఆ ఊయలలో పెరిగినదాన్నే. మా తమ్ముడూ అంతే.

అమ్మకు చదువు రాదు. ఈ వారం ఏ బొమ్మో గోడ మీద చూసినా తెలియదు. గేటు దగ్గర ఆయన్నే అడిగేది. ఆయన కథ చెప్పేవారు కాదు. "ఏడుపు ఉంటది చెల్లె, కానీ చివరికి మంచిగ అయితది" అని అంతవరకే చెప్పేవారు. అమ్మ పోయి ఆరేళ్లు. ఆమెను చెల్లె అని పిలిచిన బయటి మనిషి ఆయన ఒక్కరే.

వార్తా చిత్రం (ఆదివారం, సాయంత్రం 6:20)

సినిమాకు ముందు ఫిల్మ్స్ డివిజన్ వారి వార్తా చిత్రం వేయాలని అప్పట్లో నిబంధన. చాలాచోట్ల సగం వేసి ఆపేసేవారు. ఆయన పూర్తిగా వేసేవారు. నాగార్జునసాగర్ మాకు అంత దగ్గర, అయినా ఆ ఆనకట్ట ఎంత పెద్దదో నేను మొదట చూసింది ఆ తెర మీదే. పక్కనున్న తాత తెరకేసి చేయి చూపి, ఆ రాళ్లలో కొన్ని నేను మోసినవే అన్నాడు.

మద్రాసు మెయిలు (సోమవారం, ఉదయం 8:10)

ఈ గట్ల టాకీసు ఎలా పుట్టిందో ఇక్కడ చాలామందికి తెలిసి ఉండదు. నేను చూశాను కాబట్టి రాస్తున్నాను.

డేరా తరువాత ఆయన నడిపిన హాలు 2013లో మూతపడింది. పట్నాల్లో అంతా డిజిటల్ అయిపోయింది, ఫిల్ము ప్రింట్లు రావడం ఆగిపోయింది. మరుసటి ఏడు కళ్లు చూపించుకోవడానికి చెన్నైకి వచ్చి మా ఇంట్లో నాలుగు రోజులున్నారు. మనసు మళ్లుతుందని ఒక సాయంత్రం తూర్పు తీర రహదారి మీద అప్పట్లో ఉన్న ప్రార్థన డ్రైవ్-ఇన్‌కు తీసుకెళ్లాను. కారులోనే కూర్చొని, ఎదురుగా ఆరుబయట తెర మీద సినిమా చూడడం ఆయనకు కొత్త. సినిమా చూశారో లేదో నాకు తెలియదు, కార్ల చక్రాలనే చూస్తూ కూర్చున్నారు. ముందు వరస కార్లు అడ్డం రాకుండా వెనక కార్లకు బొమ్మ ఎలా కనిపిస్తున్నదన్నదే ఆయన ప్రశ్న.

ఇంటికి వచ్చాక ఆ డ్రైవ్-ఇన్ల పుట్టుక నాకు తెలిసినంత చెప్పాను. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం, కామ్డెన్ దగ్గర రిచర్డ్ హోలింగ్‌షెడ్ అనే ఆయన 1933 జూన్ 6న మొదటిది తెరిచాడు. అంతకుముందు ఇంటి ముందే ప్రయోగాలు చేశాడు. కారు ముందు భాగం మీద ప్రొజెక్టరు పెట్టి, చెట్లకు తెర కట్టి, కార్ల ముందు చక్రాల కింద దిమ్మెలు పెట్టి ఎంత ఎత్తితే వెనకవాడికి కనిపిస్తుందో లెక్క తేల్చాడు. ఆ లెక్క ప్రకారం నేలను వరసలు వరసలుగా వాలుగా మలిచాడు. 1950ల చివరికి ఆ దేశంలో అలాంటివి నాలుగు వేల దాకా ఉండేవి. తరువాత నేల ధరలు పెరిగి, ఇంటింటికీ టీవీ వచ్చి, చాలావరకు పోయాయి.

ఇదంతా విని పెద్దాయన ఒకే మాట అన్నారు: "చక్రం కింద దిమ్మె అంటే మన పొలం గట్టే కదా!"

మర్నాడు తెల్లవారుజామున లేచి, నన్ను లేపి, మళ్లీ అక్కడికి తీసుకెళ్లమన్నారు. కాపలా మనిషిని బతిమాలి లోపలికి వెళ్లి, వరసకూ వరసకూ మధ్య దూరం అడుగులతో కొలిచారు. బస్సు టికెట్టు వెనక రాసుకున్నారు. ఊరికి వెళ్లిన మూడు నెలలకు ఫోను చేసి, నాలుగు గట్లు వేశాను, ట్రాక్టరు ముందు చక్రాలు ఎక్కించి చూశాను, వెనక ట్రాలీలో పడుకున్నవాడికి కూడా తెర కింది అంచు కనిపిస్తున్నది అన్నారు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

పాత పోస్టరు (సోమవారం, ఉదయం 9:00)

మద్రాసు మెయిలు గారూ, మీరు చెప్పింది నిజమే, కానీ ఆ ఆలోచన అక్కడ పుట్టిందంటే నేను ఒప్పుకోను. డేరా రోజుల్లోనే, ఏ ఊళ్లో గుడారం వేసినా ముందు నేలను తెర వైపు వాలుగా చెక్కించేవారు. మా నాన్న ఆ పనికి కూలికి వెళ్లారు. రెండు రోజులు ఆడించి వెళ్లిపోయే జాతర డేరాకు ఇంత చెక్కుడు ఎందుకని అడిగితే, వెనకవాడు కూడా అంతే డబ్బు ఇచ్చాడు అన్నారట. చెన్నైలో ఆయన చూసింది తనకు ముందే తెలిసిన సంగతిని.

మద్రాసు మెయిలు (సోమవారం, ఉదయం 9:25)

ఒప్పుకుంటున్నాను. నాకు ఇది తెలియదు. సంతోషంగా ఉంది.

మర్రిగూడ బిడ్డ (సోమవారం, రాత్రి 9:50)

ట్రాలీలో పడుకున్నవాడు అని మద్రాసు మెయిలు గారు రాశారు కదా. ఆ పడుకున్న మనిషి మా నాన్న కావచ్చు. లేదా మా నాన్న లాంటి మరొకరు.

మా వైపు నీళ్ల సంగతి అందరికీ తెలుసు. బోరు నీళ్లలోని ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుపోయి, వెన్నెముక, మెడ, మోకాళ్లు బిగుసుకుపోతాయి. మా నాన్న తల ఎత్తి ఆకాశం చూసి ఇరవై ఏళ్లు దాటింది. కుర్చీలో కూర్చుంటే చూపు నేల మీదే ఉంటుంది. పట్నం హాల్లో ఒకసారి తీసుకెళితే, సినిమా అంతా ముందు కుర్చీ వీపునే చూశారు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

గట్ల టాకీసు మొదలైన కొత్తలో మా బావ బలవంతం మీద ట్రాక్టరులో తీసుకెళ్లాము. పెద్దాయన వచ్చి నాన్నను చూశారు. ఏమీ అడగలేదు. ట్రాలీలో గడ్డి వేయించి, ఒక వైపు ఎత్తుగా బస్తాలు పెట్టించి, నాన్నను వెల్లకిలా వాలుగా పడుకోబెట్టించారు. తరువాత తానే ట్రాలీ ఎక్కి నాన్న పక్కన అదే తీరుగా పడుకొని తెరను చూశారు. దిగి, ట్రాక్టరును గట్టు మీదికి ఇంకో జానెడు ఎక్కించమన్నారు. మళ్లీ ఎక్కి పడుకున్నారు. మూడుసార్లు అలా చేశారు. మూడోసారి నాన్న "కనబడుతున్నది" అన్నారు.

ఆ తరువాత చివరి గట్టు మీద ఎడమ వైపు చోటు మా నాన్నలాంటి వాళ్లకే ఉంచారు. నులక మంచాలు కూడా చేయించారు, తల వైపు కోళ్లు ఎత్తుగా, కాళ్ల వైపు పొట్టిగా. అలాంటివి ఆరు ఉన్నాయి. ఏ శనివారమూ అవి ఖాళీగా ఉండవు.

నాన్నకు ఇంకా చెప్పలేదు. శనివారం బండి ఎప్పుడు వస్తుందని అడుగుతున్నారు.

కల్వకుర్తి బస్సు (మంగళవారం, ఉదయం 7:30)

ఆ పాత ప్రొజెక్టరు ఏమవుతుంది? హైదరాబాదులో ఏదైనా ప్రదర్శనశాలకు ఇస్తే పదిమంది చూస్తారు, పేరు నిలుస్తుంది. పాత ఇనుము వాళ్ల పాలు మాత్రం కాకూడదు.

రీలు డబ్బా (మంగళవారం, ఉదయం 8:15)

తమ్ముడూ, మంచి మనసుతోనే అన్నావు. కానీ అద్దాల వెనక పెడితే నూనె ఎవరు వేస్తారు? ఆ యంత్రం ఈరోజుకూ నడుస్తుంది. నెలకోసారి ఇద్దరం కలిసి తిప్పేవాళ్లం. కార్బన్లు ఇంకా తొమ్మిది జతలు ఉన్నాయి. ఇంటివాళ్లు ఏమంటే అది.

గట్టు ఇల్లు (బుధవారం, సాయంత్రం 5:00)

నేను ఆయన కూతుర్ని. డిండి వాగు అన్న ఇవన్నీ చదివి వినిపించాడు. అమ్మ మర్రిగూడ తమ్ముడు రాసింది రెండుసార్లు చదివించుకుంది. ఆ మంచాలు ఎందుకు చేయించారో మాకు కూడా ఇంత వివరంగా తెలియదు.

ప్రొజెక్టరు ఎక్కడికీ పోదు. ఆపరేటరన్న చెప్పినట్టే ఆ గదిలోనే ఉంటుంది, నడుస్తుంది.

నాయన పెట్టెలో లెక్కల పుస్తకాలు దొరికాయి. 1978 నుంచి ఉన్నాయి. వసూళ్ల పక్కన ఇంకో వరస ఉంది, ఇన్నాళ్లూ మేము చూడలేదు. ప్రతి ఆటకూ రాశారు. "రెండుసార్లు తెగింది. అతుకు సరిగా గీకలేదు." "వర్షం. పదో రీలు దగ్గర ఆపాను. మిగతాది రేపు ఉచితం." "కుర్చీల వైపు మాట వినబడలేదు, స్పీకరు జరపాలి." ఒకచోట ఇంతే ఉంది: "ఈరోజు ఎక్కడా తెగలేదు." ఆ మాట కింద గీత గీశారు.

శనివారం నాటిది కూడా ఉంది. నీళ్లు చల్లడానికి ముందు రాసినట్టున్నారు. "చివరి గట్టు కుంగింది. ఎడమ చివర జానెడు. వెనక మంచాలవాళ్లకు ఆటోల కప్పు అడ్డం వస్తుంది. మొరం వేయించాలి."

పదకొండో రోజు కార్యం అయ్యాక వచ్చే శనివారం ఆట వేయాలని అమ్మ అంటున్నది. టికెట్టు లేదు. ఏ బొమ్మ వేయాలో ఆపరేటరన్నకే వదిలేశాము.

డిండి వాగు (బుధవారం, సాయంత్రం 5:40)

నా ట్రాక్టరులో ఒక ట్రిప్పు మొరం రేపే తెస్తాను అక్కా.

నేల టికెట్టు (బుధవారం, సాయంత్రం 6:05)

మా వాడ నుంచి ఎనిమిది మంది ఆడవాళ్లం వస్తున్నాము. తట్టలు, పారలు మావే. నేల చదును చేయడం మాకు కొత్త పని కాదు.

మర్రిగూడ బిడ్డ (బుధవారం, రాత్రి 8:30)

నాన్నకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, గట్టు ఎత్తు సరిపోయిందో లేదో నేను పడుకొని చూసి చెబుతాను, నన్ను ముందే తీసుకెళ్లండి అన్నారు. శుక్రవారం వస్తాము.

రీలు డబ్బా (గురువారం, ఉదయం 6:10)

మొరం పగలు వేసి నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టాలి, రాత్రంతా దిగాలి. అందుకని శుక్రవారం ఉదయం ఆరింటికల్లా రండి. ట్రాక్టర్లు వాగు వైపు నుంచి రావద్దు, చల్లిన నీళ్లకు అక్కడ బురదగా ఉంది. బడి వెనక దారిలో రండి. సాయంత్రం మర్రిగూడ నాన్నను మంచం మీద పడుకోబెట్టి, తెర మీద వెలుగు వేస్తాను. ఆయన కనబడుతున్నదని చెప్పేదాకా మట్టి వేస్తూనే ఉందాము.